గుల్లదిబ్బ సర్వర్ తలుపు తట్టేదెవరు?

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో చోటే సాహెబ్‌ని చంపినప్పుడు వేలంపాట ఆగలేదు.

పట్టపగలు, నడిమార్కెట్. పాటగాడు బస్తా రేటు అరుస్తూనే ఉన్నాడు. హమాలీలు మోస్తూనే ఉన్నారు. చోటే సాహెబ్ దోమ కుట్టినట్టు మెడ మీద చెయ్యి వేసుకున్నాడు, రెండడుగులు వేశాడు, నిమ్మకాయల రాశి మీదికి బోర్లా పడ్డాడు. "ఎండదెబ్బరా, సోడా తెండి!" అని ఎవరో కేకేశారు. సోడా వచ్చేసరికి మనిషి పోయాడు. మెడ వెనక సూది గుర్తు ఆస్పత్రికి పోయాక గానీ దొరకలేదు.

ఊరికి ఆయన నిమ్మకాయల వ్యాపారి. అసలు పని వేరు. బోర్డు లేని, చిరునామా లేని ఒక విభాగానికి ఈ తీరం మీద ఆయనే కన్ను.

తహీర్ కాస్త ఆలస్యంగా చేరాడు. వాళ్ళిద్దరి మధ్య ఒక కోడ్ మాట ఉంది. "నిమ్మకి నీళ్ళు పట్టినాయా?" అని సాహెబ్ అడగాలి. "ఉప్పునీళ్ళు పట్టినాయి" అని తహీర్ చెప్పాలి. ఈసారి అడిగేవాడు లేడు. తహీర్‌కి ఈ పని నేర్పింది ఆయనే, పెళ్ళికి పెద్దరికం చేసిందీ ఆయనే. ఏడుపు రావాలి. రాలేదు. ఒక నిమ్మకాయ తీసి గోటితో గిచ్చి వాసన చూశాడు. అదీ తెలియలేదు. కిందటేడు ఒక ఆపరేషన్‌లో వెంట వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు తిరిగి రాని దగ్గర్నుంచి అతని బతుకు అంతే. లోపల ఎక్కడో ఫ్యూజు కొట్టేసింది. పని మాత్రం నడుస్తోంది.

సాహెబ్ పిడికిట్లో ఫోన్ ఉంది. లాక్ లేదు. తెర మీద ఒక వెబ్ పేజీ తెరిచే ఉంది.

*

"గుల్లదిబ్బ రేవు," అన్నాడు కిషోర్ బాబు. విభాగానికి పెద్ద ఆయన. నాయుడుపేట దగ్గర హైవే హోటల్లో, కర్టెన్లు మూసిన గదిలో, అదే పేజీ గోడ మీద పెద్దదిగా వెలిగింది. "చూడు. ఏరు సముద్రంలో కలిసే మొగలో నీళ్ళెంత లోతున్నాయి, గాలెటు, ఏ పడవ వేటకి పోయింది, ఏది తిరిగొచ్చింది, చేపల రేట్లు. ఇంతే. ఈ పేజీ ఏ కంపెనీ డేటా సెంటర్లోనూ లేదు. ఒక జాలరి ఇంట్లో ఉంది. మామూలు ఇంటి ఇంటర్నెట్, మూలన ఒక పాత లాప్‌టాప్. అదే సర్వర్."

"ఇంట్లోనా సార్?"

"అందుకే ఎవరి కంటా పడలేదు," అంది ప్రత్యూష.

సైబర్ డెస్క్ ఆమెది. గదిలోకి ముందు సెంటు వస్తుంది, తర్వాత ఆమె వస్తుంది. నల్లకళ్ళద్దాలు జుట్టులోకి తోసుకుని మాట్లాడుతుంటే ముసలి ఆఫీసర్లు కూడా పొట్ట లోపలికి లాక్కుని కూచుంటారు. తహీర్ కూడా ఒకప్పుడు లాక్కున్నవాడే.

"పెద్ద సైటయితే వెయ్యి కళ్ళు కాపలా. చేపల రేటు పేజీని ఎవడు చూస్తాడు? ఓడల మీద కన్నేసిన 'పగడం' ముఠా దీన్నే వాడుకుంటోంది. సాయంత్రం గ్యాస్ ఓడ గుల్లదిబ్బ ఎదురుగా దక్షిణం రేవుకి పోతుంది. దాన్ని పేల్చే ఆర్డర్ ఈ పేజీ నుంచి వెళ్తుంది. అది మనకి చెప్పబోతుండగానే సాహెబ్‌ని చంపేశారు. ఓడ వచ్చే లోపు సర్వర్ ఆగిపోవాలి."

"పోలీసుల్ని పంపితే?"

"జీపు చూస్తే పగడం వాళ్ళు దారి మారుస్తారు," అంది ప్రత్యూష. "నెమ్మదిగా, కరెంటు పోయినట్టు ఆగాలి. నువ్వు ఫైబర్ మెకానిక్‌వి."

కిషోర్ బాబు ఒక టెస్టర్ ఇచ్చాడు. చూడ్డానికి వైర్‌మన్ జేబులో ఉండేదే. వెనక మీట నొక్కితే పదడుగుల్లో ఉన్న ఏ మిషనైనా చస్తుంది.

"జాగ్రత్త. నీ ఫోన్ కూడా పోతుంది," అన్నాడు. విభాగం ఇచ్చే పరికరాలన్నీ ఈ బాపతే. ముందు మనవాళ్ళ మీదే పనిచేస్తాయి.

*

అల్లూరు దాటాక రొయ్యల గుంటలు, గుంటలు దాటాక ఇసక, ఇసక దాటాక గుల్లదిబ్బ. ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ కూచున్నవాళ్ళకి ఈ తీరం గుర్తొచ్చేది తుఫాను రోజునే. టీవీలో ఒక ఎర్రగీత గీసి, తెల్లారి చెరిపేస్తారు. పైవాళ్ళు ఊరికి ఒక యాప్ కూడా ఇచ్చారు. మొగ పూడిపోయిన సంగతి, పడవ తిరగబడ్డ రెండ్రోజులకి చెప్తుంది. ఇక ఊరు తన పేజీ తాను పెట్టుకోక ఏం చేస్తుంది?

వసారాలో మాలకొండమ్మ కాళ్ళు బారజాపుకుని విసురువల కుడుతోంది. డెబ్భయ్యేళ్ళ మనిషి. చేతివేళ్ళు మాత్రం ఇంకా ముప్ఫైల్లోనే ఉన్నాయి.

"ఫైబర్ మెకానిక్‌ని అమ్మా. లైన్ చూడాలి."

"పిలవకుండానే వచ్చినావా? పిలిస్తే నెలకి గూడా రారు గదయ్యా మీరు!"

పిలవకుండా వచ్చే మెకానిక్. ఇంతకన్నా దిక్కుమాలిన మారువేషం ఉండదని విభాగంలో ఒక్కడికీ తోచలేదు.

"రానీలే అత్తా," లోపల్నుంచి గంగాభవాని పిలిచింది. మాలకొండమ్మ కోడలు. పేజీ నడిపేది ఆమే. "లోపలికి రాన్నా. దాన్ని మాత్రం ఆపబాక."

దేవుడి పటాల కింద, బియ్యం డబ్బా మీద లాప్‌టాప్. తెర పగిలింది, మూత లేదు, ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టాయి. పక్కన రౌటర్, కింద చిన్న యూపీఎస్. పచ్చలైటు వెలుగుతోంది. ఆ లైటు ముందు ఒక మందారప్పువ్వు.

"లైన్ చెక్ చెయ్యాలంటే ఐదు నిమిషాలు ఆపాల," అన్నాడు తహీర్.

"కుదర్దు," వసారాలోంచే అంది ముసలామె. "నా కొడుకు చిన్నపోలయ్య యాటకి పోయి రాలా. పడవ రాని ఇంట్లో దీపం ఆర్పం. నూనె దీపం గాలికి ఆరిపోతుండాది. ఇది ఆరదు. వాడు పెట్టిందే గదా."

నిజమే. పేజీ పెట్టింది చిన్నపోలయ్య. ఎనిమిది నెలల కిందట సముద్రం మీద గాలి తిరిగిన రోజు అతని పడవ రాలేదు. పేజీలో ఆ పడవ ఎదురుగా ఇంకా 'వేటలో' అనే ఉంది.

తహీర్ వేలు టెస్టర్ మీట మీదకి పోయింది. అక్కడ ఆగింది, జాలితో కాదు. జాలి అతని దగ్గర స్టాకు లేదు. ముఠా వాళ్ళు పేజీలో రాసిన ఆర్డర్ ఎక్కడుందో ఒకసారి చూసి ఆపుదామనుకున్నాడు. పేజీ అంతా వెతికాడు. వంజరం చేపల రేటుంది, రొయ్యల రేటుంది, దాచిన మాట ఒక్కటీ లేదు. ఎవరూ ఏదీ మార్చలేదు.

"బయటోళ్ళు ఎవరన్నా చూస్తుంటారా చెల్లెమ్మా దీన్ని?"

గంగాభవాని ఫోన్లో సర్వర్‌కి వచ్చిపోయేవాళ్ళ వరస తెరిచి చూపించింది. "ఎవురికీ చెప్పలా అన్నా ఇది. నెల్లాళ్ళుగా ఒకరు వస్తుండారు. మూడేసి నిమిషాలకి ఒకసారి, రాత్రనక పగలనక. పేజీ చదవరు. తలుపు తట్టి, 'ఉండారా' అని చూసి పోతారు. ఉండామని మిషను పలుకుతుంది. అంతే."

"ఎవరనుకుంటున్నావు?"

"ఆయన ఫోన్లో అట్టే పెట్టుకున్నాడు. పడవలో ఉన్నంతసేపూ పేజీ ఉందా లేదా అని దానంతటదే తట్టి చూసేట్టు. ఈ తట్టేవాళ్ళ సిమ్ముగూడా ఆయన సిమ్ము కంపెనీదే." ఆమె గొంతులో ఆశ గానీ ఏడుపు గానీ లేవు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పినట్టు చెప్పింది. "ఏ ఒడ్డున పడినాడో. మాట్లాడే వీలు లేదేమో. నేను ఆపితే, ఇల్లు మూసేసినారనుకుంటాడు."

తహీర్ మీట మీదనుంచి వేలు తీశాడు.

అప్పుడే బయట కారాగింది.

*

మత్స్యశాఖ మేడమ్ వేషంలో ప్రత్యూష దిగింది. నేత చీర, మెడలో ఐడీ కార్డు, కొప్పు. సెంటు మాత్రం మార్చుకోలేదు. తహీర్ వైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది. ఇంకా ఆపలేదేం అని.

మంచం మీద కూచుంది. ఎండన పడి వచ్చిందని గంగాభవాని చెంబుతో నీళ్ళిస్తే గటగటా తాగింది. తాగి, చెంగుతో మూతి తుడుచుకుని, చావు కబురు చల్లగా చెప్పింది.

"అమ్మా, గుండె దిటవు చేసుకోండి. చిన్నపోలయ్య గారి శవం దొరికింది, పడవతో సహా. ఇక ఎదురుచూపులు వద్దు. ఆ దీపమూ ఆ మిషనూ ఆపేసి, జరగాల్సినవి జరిపించండి. ఆ తలుపు తట్టుడు కూడా ఆయనది కాదు తల్లీ. మనసుకి అలా అనిపిస్తుంది, అంతే."

గంగాభవాని నిలబడ్డచోటే నిలబడింది. మాలకొండమ్మ వల కుట్టడం ఆపింది.

"నువ్వు ఎవురివమ్మే?" అంది.

"మత్స్యశాఖ నుంచి..."

"అది కాదు. సముద్రంలో మనిషి పోతే ఆ కబురు తెచ్చినోళ్ళు ముందు ఊరి పెత్తనం చేసే కాపు దగ్గరికి పోతారు. ఆయన్ని ఎంటబెట్టుకొస్తారు. గడప దాటరు. మంచం మీద కూకోరు. ఆ ఇంట్లో గుక్కెడు నీళ్ళు ముట్టరు. చంటిబిడ్డకి గూడా తెలుసు. నువ్వు చెంబు ఎత్తి తాగినావే! నా కొడుకు చచ్చినాడో బతికినాడో నాకు తెలవదు. నీకు మాత్రం అస్సలు తెలవదు."

తహీర్ మాత్రం ఇంకో మాట దగ్గర ఆగిపోయాడు. తలుపు తట్టుడు. ఎవరికీ చెప్పలేదని ఆ పిల్ల ఇందాకే అంది. ప్రత్యూషకి ఎలా తెలుసు?

తెలిసేది ఆ తట్టేదాన్ని పెట్టినవాళ్ళకే, పగడం వాళ్ళకే.

దాంతో మిగతా ముడులన్నీ విడిపోయాయి. చంపినవాడు ఫోన్ పట్టుకుపోవాలి. అది లోకరీతి. సాహెబ్ పిడికిట్లో, లాక్ తీసి, పేజీ తెరిచి మరీ వదిలేశారంటే, విభాగం చూడాలనే వదిలారు. ఈ సర్వర్ నుంచి ఆర్డరూ లేదు, పాడూ లేదు. సముద్రంలో ఒక బాంబు మూడు నిమిషాలకోసారి ఈ ఇంటి తలుపు తడుతోంది. జవాబు వచ్చినంతసేపూ నిద్రపోతుంది. జవాబు ఆగిందా, లేచి ఓడ మీదికి పోతుంది. ఆపేది విభాగమే. అంటే పేల్చేది కూడా విభాగమే.

"సూది గుచ్చింది నువ్వేనా?" అని మాత్రం అడిగాడు.

ప్రత్యూష చేతిసంచిలోంచి పిస్తోలు బయటికొచ్చింది. "ఆలస్యంగానైనా అర్థమైంది. సాహెబ్ శిష్యుడివి కదా." ఆమె చూపు రౌటర్ మీద ఉంది. పచ్చలైటు పక్కన ఎర్రలైటు వెలిగింది. "స్తంభం దగ్గర మా డ్రైవర్ ఫైబర్ కోసేశాడు. మిషను ఎంతసేపైనా వెలగనీ, బయటికి మాట పోదు. ఇన్నాళ్ళూ అది ఊరికే తట్టింది, ఇవాళే దానికి ప్రాణం పోశాం. వరసగా మూడు తట్టుళ్ళకి జవాబు రాకపోతే చాలు. పది నిమిషాలు. అందరూ ఇక్కడే కూర్చుందాం. ఎవరూ ఎవరికీ ఆర్డర్ ఇవ్వలేదు, ఎవరూ మీట నొక్కలేదు. ఒక బీద ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. రోజూ పోయేదే. కేసు ఎవరి మీద పెడతారు?"

"నా ఇంట్లో నీళ్ళు తాగి..." అంటోంది మాలకొండమ్మ లేస్తూ.

"కూర్చో ముసలీ!"

కూచోలేదు. నడుము ఒక్క తిప్పు తిప్పింది. విసురువల వసారాలోంచి గొడుగులా విచ్చుకుని, గడప దాటి, మేడమ్ కొప్పు మీదనుంచి చీర కుచ్చెళ్ళ దాకా దిగింది. వల అంచున ఉండే సీసపు గుండ్లు మణికట్టుకి తగిలి పిస్తోలు మంచం కింద పడింది. తహీర్ దాన్ని తీసుకునే లోపు ముసలామె తాడు బిగించి కట్టేసింది.

"...నా కొడుకు చచ్చినాడంటావంటే!" అని మాట పూర్తి చేసింది.

"అమ్మా," అన్నాడు తహీర్, "మొగ కాడ ఎవరిదో తెలియని బెండు ఏదన్నా తేలుతుండాదా? వలకి కట్టే బెండు లాంటిది?"

"ఉండాది. నెలగా ఉండాది. నీలం బెండు. ఎవురిదో ఏమో. ఒకరి బెండు ఇంకొకరు ముట్టరు నాయనా. దురాయి పడుతుంది."

దురాయి అంటే ఊరి కట్టు. మీరితే తప్పు కట్టాలి. పగడం వాళ్ళు ఎక్కడ చదువుకున్నారో గానీ ఈ ఒక్క సంగతి బాగా చదువుకున్నారు. నౌకాదళం కన్నుకి దొరికేది, ఊరి మర్యాద చాటున భద్రంగా తేలింది.

"కాపుకి చెప్పు. పడవల్తో దాని చుట్టూ కాపలా కాయమను. ముట్టబాకండి, కోయబాకండి. నేవీ వాళ్ళు వస్తారు." ఫోన్ తీసి కిషోర్ బాబుకి రెండే మాటలు చెప్పాడు. "సర్వర్ ఆపితే పేలుతుంది. మొగ దగ్గర నీలం బెండు." అటువైపు ఆయన నోరు తెరిచే లోపు పెట్టేశాడు.

గంగాభవాని అప్పటికే యూపీఎస్‌తో సహా మిషన్‌ని చేపల గంపలోకి దించింది. "ఐసు ప్లాంటు," అంది. "వాళ్ళది వేరే లైను. ఓనరు నెల్లూర్లో కూచుని కెమెరాల్లో ప్లాంటు చూసుకుంటాడు. అందుకని బయటినుంచి లోపలికి దారి ఉన్న కనెక్షన్ తీసుకున్నాడు. మా కరెంటు పోయినప్పుడల్లా నేను ఆడికే మోసుకుపోతా."

*

వసారా పక్కన చిన్నపోలయ్య టీవీఎస్ మోపెడ్ ఉంది. తహీర్ తోలాడు. వెనక ఆమె. ఒళ్ళో గంప, గంపలో సర్వర్. కరెంటు లేదని యూపీఎస్ దారి పొడుగునా కీచుకీచుమంటూనే ఉంది. వెంటాడే కార్లు లేవు, తూటాలు లేవు. ఇసకలో చక్రం దిగబడితే ఇద్దరూ దిగి తోశారు.

"అన్నా."

"ఊఁ."

"ఆ తట్టేది... ఆయన కాదు గదా?"

"కాదు చెల్లెమ్మా."

ఆమె గంపని ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"సరే. ఎడమకి తిప్పు."

ఐసు ప్లాంటులో చలి ఎముకల్లోకి దిగింది. గంగాభవాని వైరు గుచ్చింది. సర్వర్‌కి ఒక పేరుంది, ఆ పేరు ఇప్పుడు ఈ కొత్త లైనుకి తిరగాలి. ఇంటి కనెక్షన్ వాడికి బుద్ధి పుట్టినప్పుడల్లా ఐపీ, అంటే లైను చిరునామా, మారుస్తుంటాడు. అందుకని పేరుని మళ్ళీ దారిన పెట్టే మీట చిన్నపోలయ్య ఎప్పుడో రాసి పెట్టాడు. ఆమె నొక్కింది. రెండు తట్టుళ్ళు దారిలోనే పోయి ఉంటాయి. ఇక మిగిలింది ఒక్కటి.

తెర మీద ఏమీ రాలేదు.

ఐసు దిమ్మలు జారుతున్నాయి. కిటికీలోంచి గ్యాస్ ఓడ కనపడుతోంది. ఊరంత ఓడ, తెల్లటిది. మొగకి ఎదురుగా వచ్చేసింది. తహీర్ భయం కోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. కాలివేళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి.

ఒక గీత కదిలింది. తట్టుడు. పక్కనే జవాబు.

"వచ్చినాడు," అంది గంగాభవాని. అలవాటు.

తర్వాత, "వచ్చింది," అని దిద్దుకుంది.

అక్కణ్ణుంచి గంటకి పైగా ఇద్దరూ ఐసు దిమ్మ మీద గోనెపట్టా వేసుకుని కూచున్నారు. మూడేసి నిమిషాలకి సముద్రంలోంచి బాంబు తట్టింది. మూడేసి నిమిషాలకి సర్వర్ ఉన్నామని చెప్పింది. ఓడ మెల్లగా దాటిపోయింది. నేవీ డైవర్లు నీలం బెండు కింద దిగారు. పడవల మీద ఊరు ఊరంతా కాపలా నిలబడింది. నీటి మీద వెలుగు పోతుండగా తట్టుడు ఆగిపోయింది.

ఆమె ఖాళీ తెర వంక చూస్తూ ఉండిపోయింది. నెల్లాళ్ళ తర్వాత ఆ తలుపు దగ్గర ఎవరూ లేరు. తహీర్ ఏమన్నా అనాలనుకున్నాడు. అతనికి వచ్చిన ఒకే ఒక్క మాట, సాహెబ్‌కి చెప్పాల్సిన ఆ జవాబు.

"ఉప్పునీళ్ళు పట్టినాయి."

"ఏంది అన్నా?"

"ఏం లేదు. పద, ఇంటికి తీసుకుపోదాం దీన్ని. అమ్మ దీపం ఏదని అడుగుతుంది."

*

మర్నాడు కిషోర్ బాబు ఫోన్ చేశాడు. ప్రత్యూషని వలలోంచి విడదీయడానికి కత్తెర వాడారని, వల పాడైనందుకు మాలకొండమ్మ విభాగాన్ని బండబూతులు తిట్టిందని చెప్పాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఫైలు మూయాలి కదా తహీర్. ఆదేశం ప్రకారం సర్వర్ ఆపేసినట్టు రాసెయ్యనా?"

"రాసుకోండి సార్."

ఆ రాత్రి గూడూరు లాడ్జిలో తహీర్ ఫోన్లో గుల్లదిబ్బ పేజీ తెరిచాడు. ఉంది. మూసేశాడు. కాసేపాగి మళ్ళీ తెరిచాడు. ఉంది. మర్నాడూ అంతే. ఆ పై నాడూ అంతే. ఎందుకో అతనికే తెలియదు. చదివేదేమీ లేదు. ఉందా లేదా అని చూడ్డం, పోవడం.

వారం తిరిగాక ఒక పొద్దున పేజీ తెరిస్తే చిన్నపోలయ్య పడవ ఎదురుగా ఇంకా 'వేటలో' అనే ఉంది. దాని కింద, చేపల రేట్ల పైన, ఒక కొత్త వాక్యం చేరింది.

"గూడూరు నుంచి రోజూ తలుపు తట్టి పారిపోయే మెకానిక్ అన్నకి: అత్త కొత్త వల అడుగుతుండాది. ఈసారి పిలుస్తుండాం, రా."